మూగోడు తీసిన బొమ్మ

ముందే ఒప్పేసుకుంటే తర్వాత పంచాయితీ ఉండదు. నేను పెంచి చెప్తాను. గిద్దెడు వడ్లు చల్లితే గరిసెలు నిండాయని చెప్పే రకం. మా ఇంట్లో నేను చెప్పిన ఏ మాటైనా సగం తీసేసి వింటారు. మా ఆవిడ ముప్పావు తీసేసి, మిగిలిన పావును పక్కింటావిడను అడిగి ఖాయం చేసుకుంటుంది. మీరు కొత్తవాళ్లు, ఎంత తీసేసుకుంటారో మీ ఇష్టం. అయితే ఈ కథలో ఉన్న దర్శకుణ్ని మాత్రం నేను పెంచలేదు. ఆయనే తనను చాలినంత పెంచేసుకున్నాడు. నా చెయ్యి పెట్టడానికి చోటు మిగల్చలేదు.

మొన్న ఒక సినిమా పత్రికలో ఆయన ఫోటో చూశాను. నల్లద్దాలు, గడ్డం కింద చెయ్యి, ప్రపంచంలోని బాధంతా తన గడ్డం కిందే దాచుకున్నట్టు. కింద ఆయన మాటలు: తొలినాళ్లలో తెలంగాణ పల్లెల్లో అజ్ఞాతవాసం చేశాడట, ఆ మట్టి మాటను మొట్టమొదట వెండితెరకెక్కించింది తానేనట. చదువుతుంటే చేతిలో చాయ్ చల్లబడింది. అజ్ఞాతవాసమట! స్టేషన్ ఘన్‌పూర్‌లో అవ్వ చాయ్ హోటల్ వెనక, గిలాసలు కడిగే తొట్టి పక్కన, ఉల్లిగడ్డ పొట్టు మీద పడుకోవడాన్ని అజ్ఞాతవాసం అనొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిస్తే మా కుక్కను కూడా తపస్వి అనేవాణ్ని. అది కూడా అక్కడే పడుకునేది.

అరవై తొమ్మిది ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులవి. నేను డిగ్రీ తప్పి ఇంట్లో ఉన్నాను. మాది భూమి ఉన్న ఇల్లు కాబట్టి తిండికి లోటు లేదు, తిట్లకు అసలే లేదు. మా బాపు లెక్కలో నేను ఎడ్ల తర్వాత, దున్నపోతు తర్వాత, కాస్త అటుగా ఉండేవాణ్ని. ఉద్యమం వచ్చి నన్ను మనిషిని చేసింది. రైలు పట్టాల మీద కూర్చోవడమే నేను చేసిన మొదటి ఉద్యోగం, ఇప్పటికీ అంత మనసుపెట్టి మరో ఉద్యోగం చేయలేదు. ఒకరోజు కోస్తా నుంచి హైదరాబాదు పోతున్న రైలును మా స్టేషన్‌లో ఆపాము. నేను చూసిన చూపుకే ఇంజను ఆవిరి కక్కి ఆగిందని నేనంటాను. సిగ్నల్ పడక ఆగిందని స్టేషన్ మాస్టరు అనేవాడు.

ఆ రైలులో ఒక నాటకాల కంపెనీ ఉంది. మా గలాటా చూసి కంపెనీ వాళ్లంతా అవతలి వైపు దూకి, ఏదో లారీ పట్టుకుని వచ్చిన దారినే పోయారు. ఒక్కడు మిగిలాడు. ఆయన కిరీటం ఉన్న రేకుపెట్టె సీటు కింద ఇరుక్కుంది. ప్రాణమైనా వదులుతాడు గానీ కిరీటం వదలడు. పెట్టెను గుంజి గుంజి ఎట్లాగో ప్లాట్‌ఫారం మీదకు దిగేసరికి వెనక కంపెనీ లేదు, ముందు మేమున్నాం. మనిషి ఆరడుగులు, నేను చెప్పేటప్పుడు ఏడు. గొంతు విప్పితే స్టేషన్ గంట దానంతటదే మోగేది.

"ఎవరండీ అక్కడ! మావాళ్లు ఎటు వెళ్లారండీ?" అన్నాడు.

ఆ 'అండీ' చాలు. ప్లాట్‌ఫారం మీదున్న పోరగాళ్లంతా ఒక్కసారి ఇటు తిరిగారు.

అప్పుడు ముందుకొచ్చినవాడు అవ్వ కొడుకు. అవ్వ అంటే స్టేషన్ బయట చాయ్ హోటల్ నడిపే ఆమె. భర్త పోయాక ఒంటి చేత్తో పొయ్యిని, రెండో చేత్తో ఊరిని నడిపింది. పేరు ఎవరికీ అక్కర్లేదు, పసిపిల్లల నుంచి పట్వారీ దాకా అందరికీ అవ్వే. ఆమెకు ఒక్కడే కొడుకు, నా ఈడువాడు, పట్టాల మీద రోజూ నా పక్కన కూర్చునేవాడు. మాలో అందరికంటే గట్టిగా నినాదాలిచ్చేది వాడే. అలాంటివాడే వచ్చి ఆ ఏడడుగుల మనిషి నోటిని అరచేత్తో మూసి, పెట్టెతో సహా హోటల్ వెనక వాకిట్లోకి గుంజుకుపోయాడు.

"అవ్వా, గీయనకు జర బువ్వ పెట్టు. మాట్లాడనియ్యకు."

"ఎందుకురా, గొంతు నొస్తుందా?"

"నోరు తెరిస్తె తంతరు. గీయనది అటుదిక్కు."

"అటుదిక్కోళ్లను ఎల్లగొడ్తనని పొద్దుగాల లొల్లి పెడ్తివి గద!"

"ఎల్లగొడ్తం అవ్వా, ఎల్లగొడ్తం. తిన్నంక ఎల్లగొడ్తం."

తిన్న తర్వాత రైళ్లు లేవు, బస్సులు లేవు. కొడుకు ఆయన ముందు కూర్చుని వివరంగా చెప్పాడు. "అన్నా, నువ్వు మూగోనివి. మా అవ్వకు దూరపు చుట్టానివి. సమజైందా?" ఆయన "చిత్తమండీ" అనబోయాడు. అవ్వ గరిటె ఎత్తింది. అంతే, ఆ గరిటె దగ్గర నోరు మూసుకున్నవాడు నెలల తరబడి తెరవలేదు. నా అభిప్రాయంలో ఆయన జీవితం మొత్తంలో బాగా నటించింది ఆ ఒక్క వేషమే. ఆ తర్వాతదంతా పతనమే.

పద్యాల నటుడు మూగవాడిగా బతకడమంటే పొంగే పాలకు మూతపెట్టి కూర్చోవడమే. కడుపులో పద్యాలు కుతకుత ఉడుకుతుండేవి. గిలాస కడుగుతూ పెదవులు కదిలించేవాడు. రాగం మధ్యలో చెయ్యి పైకి లేచేది. ఎవరన్నా చూస్తే ఈగను తోలినట్టు నటించేవాడు. ఇక ఆగలేనప్పుడు మా చేలోని మోటబావి దగ్గరకు పోయి, గట్టు మీద బోర్లా పడుకుని, తల లోపలికి వేలాడేసి బావిలోకి పద్యం పాడేవాడు. బావిలో బ్రహ్మరాక్షసుడున్నాడని చుట్టుపక్కల పుకారు లేచింది. మా ఎడ్లు ఆ నీళ్లు తాగడం మానేశాయి. మా బాపు ఆ బావికి కోడిని కోయించాడు. అది నిజం, తీసేయకండి.

మాట్లాడలేనివాడు వినక తప్పదు కదా. పొద్దున పొయ్యి ముట్టించిన దగ్గర్నుంచి అవ్వ మాట ఆగేది కాదు. చుట్టాలను తిట్టేది, పొయ్యితో పోట్లాడేది, చాయ్ పొడిని బెదిరించేది. "ఏందిర మూగోడా, గట్ల గుడ్లప్పగించి సూస్తవు, గిలాసకు గీ సబ్బు మరక మీ తాత తుడుస్తడా?" అనేది. ఆయన ప్రతి ముక్కా మింగాడు. మా మాటలోని ఎత్తు, వంపు, విరుపు, సామెత, తిట్టు, ముద్దు అన్నీ ఆమె నోట్లోంచి నేరుగా ఆయన చెవిలో పడ్డాయి. నేర్చుకుంటున్నాడని మేము మురిసిపోయాం. ఎలుక వచ్చి గరిసె చుట్టూ తిరుగుతుంటే ప్రదక్షిణం చేస్తుందనుకునే భక్తులం మేము.

ఉద్యమం ముదిరింది. అవ్వ కొడుకు ఒక పొద్దున వరంగల్ సభకని లారీ ఎక్కాడు. సాయంత్రానికి వస్తానన్నాడు. రాలేదు.

లారీలో పోయిన వాళ్లలో కొందరు వచ్చారు. గుంపు చెదిరిందన్నారు, అటు ఉరికిండు అన్నారు, ఇటు ఉరికిండు అన్నారు. ఒకడు తూటా అన్నాడు. ఒకడు బొంబాయి పోయిండు అన్నాడు. మా బాపు బండి కట్టించి వరంగల్ దవాఖానల చుట్టూ తిరిగాడు. నేనూ తిరిగాను. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు.

ఇక్కడ మా వైపు ఒక పద్ధతి చెప్పాలి. పోయినవాళ్ల కోసం ఆడవాళ్లు గొంతెత్తి, పోయినవాళ్ల బతుకంతా చెప్పుకుంటూ శోకం తీస్తారు. ఆ శోకం విన్న ఏ ఇంటి ఆడదైనా చేతిలో పని వదిలి వచ్చి, మెడ పట్టుకుని, తన పోయినవాళ్లనూ కలుపుకుని ఏడవాల్సిందే. కబురు రాకుండా మాత్రం ఏడవకూడదు. ఏడిస్తే పోయినట్టే లెక్క. బతికున్నవాణ్ని ఏడ్చి చంపినట్టే.

వాడకట్టు ఆడవాళ్లు ఏడవడానికి వచ్చారు. అవ్వ గడపలో అడ్డం నిలబడింది.

"ఎవలు సచ్చిండ్రని వచ్చిండ్రే? చాయ్ తాగుతె తాగుండ్రి, లేకుంటె నడువుండ్రి."

ఆ రోజు నుంచి ఆమె ఏడవలేదు. తన అన్న పోయినప్పుడు కూడా పుట్టింటికి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని వచ్చింది. గొంతు లేస్తే అది ఎవరి కోసం లేచిందో దేవుడు తప్పుగా రాసుకుంటాడని ఆమె భయం. ఏళ్లకేళ్లు ఆ ఏడుపు ఆమె లోపలే ఉండిపోయింది.

ఇక మన మూగవాడి సంగతి. ఉద్యమం సద్దుమణిగింది. ఆయన మాత్రం నోరు తెరిచే దారి దొరక్క గిలాసలు కడుగుతూనే ఉన్నాడు. ఇన్నాళ్లు మూగవాడని నమ్మిన ఊరికి ఏమని చెప్తాడు? అప్పుడు కొడకండ్లలో చిరుతల ఆట పెట్టారు. ఊరి పోరగాళ్లు చేతుల్లో చిరుతలనే చెక్కతాళాలు పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ కథ ఆడతారు. దానికి ముందు ఒక గురువును పెట్టుకుని నేర్చుకుంటారు. మేమంతా బండి కట్టుకుని పోయాం, మూగవాణ్ని వెంట వేసుకుని. రాక్షసరాజు వేషం కట్టినాయన పొలంలో ఎంత గట్టివాడో పద్యంలో అంత మెత్తవాడు. ఒక పద్యం తల అందుకుని, ఇంకో పద్యం తోక తగిలించాడు. జనం పట్టించుకోలేదు. మా మూగవాడు మాత్రం తేలు కుట్టినట్టు లేచాడు. నెలల తరబడి ఉడికిన పద్యం ఒక్కసారి బయటికి తన్నింది. పెట్రోమాక్స్ లైట్లు ఊగాయి, చెట్ల మీది కాకులు పక్క ఊరికి కాపురం మార్చాయి, ఒక పాడి బర్రె తలుగు తెంపుకుంది.

పద్యం ఆగింది. మూగవాడికి మాట వచ్చింది! అంతే, ఆయన ముందు కొబ్బరికాయలే కొబ్బరికాయలు. "వద్దండీ, వద్దండీ" అని ఆయన అంటున్నా ఎవరూ ఆగలేదు.

నేను దగ్గరే ఉన్న ఒక పెద్దాయన చెవిలో, "ఆయన మాట అటుదిక్కు మాట లెక్క లేదా?" అన్నాను, మా గుట్టు ఎంత నిలుస్తుందో చూద్దామని.

"నీకేం దెల్సురా," అన్నాడు ఆయన. "దేవుడిచ్చిన మాట. దేవుని మాట బుక్కుల మాట లెక్కనే ఉంటది. మనలెక్క ఉంటదా?"

చూశారా, మన మాట మీద మనకు అంత గౌరవం. మరునాడు ఒకామె సర్పంచ్ అయిన తన మొగుణ్ని పట్టుకొచ్చి, "స్వామీ, మీకు నోరు వచ్చింది గద, గీయనది జర పోయేటట్టు చెయ్యండి" అని దండం పెట్టింది.

ఆ మహిమతో ఆయన చిరుతల గురువు అయ్యాడు. పెద్దవంగర పోయాడు, మానుకోట దిక్కు ఊర్లన్నీ తిరిగాడు. ఊరూరా వంతులవారీగా ఇంటికొకరు అన్నం పెట్టేవారు. ఒళ్లు వచ్చింది, గంధం బొట్టు వచ్చింది, నడకలో వంపు వచ్చింది. గిలాసల తొట్టి ముఖం మళ్లీ చూడలేదు. ఆ తర్వాత మద్రాసు రైలెక్కాడు. పోయేముందు అవ్వ కాళ్లకు మొక్కాడు. అవ్వ సర్వపిండి కట్టి ఇచ్చింది. నేను ఇచ్చిన సలహా మాత్రం మరిచిపోయి పోయాడు. తిరిగి రావద్దని చెప్పాను.

మద్రాసులో ఆయన నటజీవితం గురించి నేను చాలా గొప్పగా చెప్పగలను, ఎందుకంటే అందులో చెప్పడానికి ఏమీ లేదు. మొదటి సినిమాలో శవం. రెండో సినిమాలో విలన్ వెనక నిలబడే మనిషి పక్కన నిలబడే మనిషి. మరో సినిమాలో కేవలం వీపు. జనగామ టాకీసులో ఆ వీపు కనిపించగానే మా బెంచీలన్నీ ఈలలు వేశాయి.

"వాడేనా?" అని నేను అనుమానపడ్డాను.

"వాని వీపు నాకెరుకలేదారా," అంది అవ్వ. "తొట్టికాడ వంగి వంగి గట్లయింది."

ఎవరూ అడగని నటుడు సెట్లో అందరి మీదా అరవడం నేర్చుకున్నాడు. అరిచేవాణ్ని సినిమావాళ్లు ముందు అసిస్టెంటు అంటారట, ఇంకా గట్టిగా అరిస్తే డైరెక్టరు అంటారట. నటుడిగా ఎవరికీ అక్కర్లేని గొంతును, దర్శకుడయ్యాక అందరూ వినక తప్పలేదు.

ఎనభైలు మొదలైన కొత్తలో ఆయన తిరిగి వచ్చాడు. ముందు అంబాసిడరు, వెనక వ్యాన్లు, వ్యాన్ల వెనక మా ఊరి కుక్కలు. తెల్ల బూట్లు, నల్లద్దాలు. భూపాలపల్లి అడవిలో ఫైటింగులు తీసి వస్తున్నాడు. అక్కడ పక్క తండాలో నాగళ్లు దున్నుకునే వాళ్లను పిలిచి, నడుముకు ఆకులు, నెత్తికి ఈకలు కట్టి "అడవి మనుషులు" అన్నాడట. వాళ్లు తమ భాషలో ఏదో అనుకుని విరగబడి నవ్వారట. వాళ్లలో ఒకాయనను తర్వాత అడిగాను, ఏమనుకున్నారని. "ఏం లేదన్నా, గీ ఈకలు కోడివి. గా కోడి మాదే" అన్నాడు.

హోటల్ ముందు కారు దిగి, యూనిట్ అంతా చూస్తుండగా ఆయన చేతులు జోడించాడు.

"అవ్వగారూ, బాగున్నారా అండీ?"

అవ్వ పొయ్యి ముందు నుంచి లేవకుండానే తలెత్తి చూసింది. "ఏందిరా మూగోడా, నెత్తి బట్టతలైతుంది? మద్రాసు నీళ్లు వడ్తలేవా?"

కెమెరా వాళ్లు దగ్గుతున్నట్టు నటించారు. ఆ రోజు నుంచి యూనిట్‌లో ఆయన పేరు అదే అయింది. ఇందులో నా ప్రచారం కూడా కొంత ఉంది.

కొన్నాళ్లు రోజూ వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. అవ్వను మాట్లాడించేవాడు. ప్రతి మాటకూ పకపక నవ్వేవాడు. సొంత ఇంటికి వచ్చినట్టు వచ్చి కూర్చుంటున్నాడని ఆమె సంబరపడి, ఇంకో రెండు మిర్చీలు వేసేది. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. సినిమాలో హీరో దగ్గర ఒక పనివాడు ఉంటాడు, హీరో కోసం చచ్చిపోతాడు. వాడి తల్లి వచ్చి ఏడవాలి. ఆ తల్లిగా అవ్వ కావాలి. అవ్వ ఇంటి ముందే తీస్తాడు.

"వంట జెయ్యమను, జేస్త. ఏడువమనకు," అంది అవ్వ.

"గది ఉత్తుత్తి ఏడుపే అవ్వా. బొమ్మ కోసరం." ఆ ఒక్కసారి మా మాటలోనే మాట్లాడాడు. ఎక్కడ ఏ భాష వాడాలో తెలిసినవాడు.

ఆ రోజు అవ్వ లేచి పొయ్యి దగ్గరకు పోయింది. మరునాడు తానే పిలిచింది. నేను అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాను.

"ఉత్తుత్తిదైతే నా కొడుక్కు ఏం గాదు గద?"

"ఏం కాదు."

"బొమ్మల ఏడిస్తె, గా ఏడుపు ఏడికి పోతది?"

"ఎక్కడికీ పోదు అవ్వా. రీలులో ఉంటుంది. మనమంతా పోయినా ఉంటుంది. ఎన్నేళ్ల తర్వాత వేసినా నీ గొంతు అట్లాగే వినిపిస్తుంది."

"నా గొంతే?"

"నీ గొంతే."

"మాటియ్యి."

ఆమె అరచెయ్యి చాపింది. ఆయన అందులో చెయ్యి వేశాడు. వాకిట్లో తీసే సినిమాల్లో అక్కడ పలికిన గొంతు పనికిరాదు, తర్వాత మద్రాసులో ఒక గదిలో కూర్చుని మళ్లీ పలకాలి. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు, అవ్వకు తెలియదు. చెయ్యి వేసిన ఆయనకు మాత్రం తెలుసు.

షూటింగ్ రోజు అవ్వ ఇంటి ముందు చాప మీద మద్రాసు నుంచి తెచ్చిన ఒక కుర్ర నటుణ్ని శవంగా పడుకోబెట్టారు. ముఖానికి ఎర్రరంగు. ఎండకు రంగు కారుతుంటే నాలుక బయటపెట్టి రుచి చూసుకుంటున్నాడు. అవ్వ వాడి తల దగ్గర కూర్చుంది. దర్శకుడు "యాక్షన్" అని ఉరిమాడు. అవ్వ కదల్లేదు. మళ్లీ ఉరిమాడు. ఆమె ఆయన వైపు చూడనేలేదు. ఆ కుర్రవాడి కాళ్ల వైపు చూస్తూ ఉంది. మెల్లగా గొంతు లేచింది.

"నా కొడుకా... లారీ ఎక్కంగ ఎనుకకు మర్రి సూడకపోతివి కొడుకా... సద్ది గట్టుకపొమ్మంటె సాయంత్రానికొస్తనంటివి కొడుకా... ఎన్ని సాయంత్రాలాయె, నీ సాయంత్రం ఎప్పుడొస్తది కొడుకా..."

నేను పెంచి చెప్పేవాణ్నే. ఇక్కడ మాత్రం నాకు పెంచడం చేతకాలేదు, విన్నది విన్నట్టు ఉంచుతున్నాను.

ఆ గొంతు రెండు వాడలు దాటింది. వాడకట్టు ఆడవాళ్లకు షూటింగులు తెలియవు, అవ్వ మాత్రం తెలుసు. ఇన్నేళ్లు ఏడవని అవ్వ ఏడుస్తున్నదంటే కొడుకు కబురు వచ్చినట్టే. పొయ్యి మీద కూర వదిలేసి ఒకామె, పొలంలో నాట్లు వదిలేసి కొందరు, తడి చేతులతో, బురద కాళ్లతో ఉరికొచ్చారు. లైట్లను తోసేశారు, తీగలు తొక్కారు, కెమెరా ముందు నుంచే వచ్చి అవ్వ మెడ మీద పడ్డారు. దర్శకుడు "కట్! కట్!" అని అరుస్తున్నాడు. కట్ అంటే ఆగే ఏడుపా అది? ఒక ముసలామె బిందెడు నీళ్లు, పసుపు తెచ్చి శవానికి స్నానం మొదలుపెట్టింది. చల్లనీళ్లు పడగానే శవం కెవ్వున లేచి వ్యాన్లోకి దూరి తలుపేసుకుంది. ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లు ఏడుస్తున్నది వాడి కోసం కాదు. ఇంతలో డప్పులవాళ్లు కూడా వచ్చారు. రీలు అయిపోయింది, ఎండ అయిపోయింది, ఏడుపు కాలేదు.

దర్శకుడు నల్లద్దాలు తీసి తుడుచుకోవడం చూశాను. కళ్లలో నీళ్లున్నాయి. నటుడు కదా, నాకు నమ్మకం లేదు.

ఆ పొద్దు అవ్వ ముఖం కడుక్కుని, అన్నం తిని అంది: "ఇగ వాడు పోయిండు. ఏడ్సిన గద." దినాలు చేసింది. వాడకట్టంతటికీ అన్నం పెట్టింది. ఉత్తుత్తి ఏడుపన్నాడు మహానుభావుడు. ఆ కొడుక్కు జరిగిన చావు అదొక్కటే. అది ఆయన రీలు పెట్టెలో ఉంది.

మద్రాసుకు రమ్మని పిలుపు వస్తుందని, గొంతు మళ్లీ ఇవ్వాలని యూనిట్‌లో ఎవరో చెప్పారు. అవ్వ మంచి చీర ఒకటి తీసి పెట్టుకుంది. పిలుపు రాలేదు. సినిమా వచ్చింది.

జనగామకు వాడకట్టంతా రైల్లో పోయాం. ఆ రోజు ఏడ్చిన ఆడవాళ్లంతా అవ్వకు అటూ ఇటూ కూర్చున్నారు. బొమ్మ మొదలైంది. హీరో, హీరోయిన్, జమీందారు అందరూ పుస్తకం మింగినట్టు మాట్లాడతారు. ఒక్క పనివాడు మాత్రం మా మాట మాట్లాడతాడు. అరగడ్డం, చిరిగిన బనీను, మెల్లకన్ను. "ఏందిర, గట్ల గుడ్లప్పగించి సూస్తవు, మీ తాత తుడుస్తడా" అంటాడు. అవ్వ మాట. హాలు ఘొల్లుమంటుంది. ఇంకో మాటంటాడు. అదీ అవ్వదే. మళ్లీ ఘొల్లు. మెల్లకన్నుకు నవ్వుతున్నారో మాటకు నవ్వుతున్నారో తెలియకుండా రెండూ కలిపి పాకం పట్టాడు. మట్టి మాటను వెండితెరకెక్కించడమంటే ఇదే కాబోలు. ఎక్కించి కింద నుంచి నిచ్చెన గుంజడం.

తర్వాత పనివాడు చచ్చాడు. తెర నిండా అవ్వ ముఖం. ఆ నోరు తెరుచుకుంది. అందులోంచి వేరే గొంతు వచ్చింది. ముక్కుతో పీలగా, గయ్యాళి వేషాలకు పలికే గొంతు. "ఓ కొడకో, నీకు పెట్టిన కోడికూర ఎవలు తింటరో" అని సాగదీసింది. లారీ లేదు, సద్ది లేదు, సాయంత్రం లేదు.

అప్పుడు హాలు లేచింది. ముందు బెంచీ నుంచి ఒక చెప్పు, నేల నుంచి పది, కుర్చీల నుంచి వంద. తెర నిట్టనిలువునా చిరిగింది. బాల్కనీలో దాక్కున్న దర్శకుణ్ని జనం భుజాల మీదుగా అందుకుంటూ కిందికి దించి అవ్వ ముందు పడేశారు. ఆయన ఆమె కాళ్లు పట్టుకుని, రీలు మళ్లీ దిద్దుతాను, నీ గొంతు నీకు తెచ్చిపెడతాను అని బోరున ఏడ్చాడు. జనగామ మొత్తం చూసింది.

ఇదిగో, ఇదే నేను కల్పించింది. బావి, బర్రె, కాకులు, కొబ్బరికాయలు అన్నిట్లో ఎంతో కొంత ఉంది, గీకితే దొరుకుతుంది. ఇందులో మాత్రం గీకినా ఏమీ లేదు. ఒక్క చెప్పు కూడా కాలిని వదల్లేదు. దర్శకుడు ఆ రోజు జనగామలో లేడు, ఆ తర్వాతా రాలేదు. ఈ ముక్కను నేను ఎన్నో పెళ్లిళ్లలో, ఎన్నో అరుగుల మీద చెప్పాను, విన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. అసలు జరిగింది చెప్తే ఎవరూ కొట్టరు.

హాలు నవ్వింది. మద్రాసువాళ్లు కాదు, అటుదిక్కు వాళ్లు కాదు. జనగామ, ఘన్‌పూర్, చుట్టుపక్కల మావాళ్లే, ఇంట్లో ఆ మాటే మాట్లాడేవాళ్లు, కుర్చీల మీద కొట్టుకుంటూ నవ్వారు.

అవ్వ నా వైపు వంగింది. "గా గొంతు ఎవలదిరా?"

"మద్రాసుల ఎవరో ఆమెది అవ్వా."

"పాపం," అంది. "ఆమెకు పోయినోళ్లు ఎవలు లేనట్టున్నది."

బొమ్మ అయిపోయేదాకా కూర్చుంది. బయటికొచ్చాక వాడకట్టు ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు. నాట్లు వదిలి ఉరికొచ్చిన ఒకామె అవ్వ చెయ్యి పట్టుకుంది.

"పోనీ తియ్యి అవ్వా. నువ్వేడ్సింది మేం ఇన్నం గద. మా చెవులల్ల ఉన్నది."

"మీ చెవులల్ల మీరు ఉన్నన్ని దినాలే ఉంటది బిడ్డా," అంది అవ్వ. "మూగోడు నాకు గంతకంటె ఎక్కువ ఉంటదన్నడు."